సాదా టెక్స్ట్ ఫైలును వెబ్ పేజీగా మార్చడం: పాండాక్‌తో తెలుగు రాతలకు సమగ్ర మార్గదర్శి

నోట్‌ప్యాడ్‌లో రాసుకున్న ఫైలు ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. దాన్ని పదిమంది చదివేలా వెబ్ పేజీ చేయాలంటే, అలాంటి పేజీలు రాసే కోడ్ భాష అయిన హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవాలేమో అని చాలామంది ఆగిపోతారు. ఆ అవసరం లేదు. టెక్స్ట్‌లో అక్కడక్కడా చిన్న గుర్తులు పెట్టి, పాండాక్ అనే ఉచిత ప్రోగ్రాముకు ఇస్తే, ఒక్క కమాండ్‌తో పేజీ తయారవుతుంది. పాండాక్‌ను అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పే జాన్ మాక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టారు. ఆ చిన్న గుర్తుల పద్ధతి పేరు మార్క్‌డౌన్. జాన్ గ్రూబర్ దాన్ని 2004లో విడుదల చేశారు.

తెలుగు ఫైళ్ల విషయంలో ఇబ్బందులు ఎక్కువగా పాండాక్‌లో పుట్టవు, దానికి ఇచ్చే ఫైలులోనే పుడతాయి. అందుకే కమాండ్ల కంటే ఫైలు సిద్ధం చేయడం మీదే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాం. ఫైలు శుభ్రంగా ఉంటే మిగిలింది పది నిమిషాల పని.

కమాండ్లను ఇక్కడ గట్టిగా చదివినట్టుగా తెలుగు లిపిలో ఇచ్చాం. మీరు టైప్ చేసేటప్పుడు అన్నీ రోమన్ లిపిలో, చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. చుక్కలు, హైఫన్లు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఎలా ఉంటే అలాగే. కమాండ్లను వర్డ్ ఫైల్లోనో వాట్సాప్‌లోనో దాచుకుని అక్కడి నుంచి కాపీ చేయకండి. అవి పక్కపక్కనున్న రెండు హైఫన్లను ఒక పొడవు గీతగా మార్చేస్తుంటాయి. అప్పుడు పాండాక్ ఆ గీతతో మొదలైన మాటను ఫైలు పేరనుకుని, అలాంటి ఫైలు లేదంటుంది.

## ఇన్‌స్టాల్ చేయడం

విండోస్‌కు పాండాక్ అధికారిక సైట్‌లో ఇన్‌స్టాలర్ ఉంది. మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్రోగ్రాములు దించిపెట్టే సాధనం ఉంటే దానితోనే వచ్చేస్తుంది. ఉబుంటులో అలాంటి సాధనమైన ఏపీటీతో పెట్టుకోవచ్చు కానీ అక్కడ దొరికేది తరచుగా పాత వెర్షన్. కొత్తది కావాలంటే పాండాక్ విడుదలల పేజీ నుంచి డెబ్ ఫైలు దించుకోండి. తర్వాత కమాండ్ విండో తెరిచి ఇలా అడగండి:

```
పాండాక్ --వెర్షన్
```

వెర్షన్ నంబరు కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. అలాంటి కమాండ్ లేదని వస్తే, బహుశా ఇన్‌స్టాల్ చేయకముందే తెరిచిన విండోలో కొట్టి ఉంటారు. దాన్ని మూసి కొత్తది తెరవండి. పాత విండోకు కొత్త ప్రోగ్రాము ఎక్కడుందో తెలియదు.

## ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉంది?

కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా మార్చి దాచుకునే పద్ధతి ఎన్‌కోడింగ్. పాండాక్ చదివేది వాటిలో యూటీఎఫ్-8 ఒక్కటే. తెలుగు ఫైలు వేరే ఎన్‌కోడింగ్‌లో ఉంటే పేజీలో చెత్త వస్తుంది, లేదా అసలు అక్షరాలే పోతాయి.

విండోస్ 10లో 2019 మే నాటి అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. అంతకు ముందు డిఫాల్ట్‌గా ఉండేది ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్. ఆన్సీలో తెలుగు పట్టదు. సేవ్ చేసేటప్పుడు ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండా ఓకే నొక్కితే ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకంగా మారిపోతుంది. ఫైలు మూసి మళ్ళీ తెరిచాక కనిపించే ఆ ప్రశ్నార్థకాల వెనక ఇక ఏమీ ఉండదు. ఏ కన్వర్టరూ వాటిని వెనక్కి తేలేదు. పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని రాసి ఉన్న ఎంపిక కూడా మనకు పనికిరాదు. అది యూటీఎఫ్-16. సేవ్ యాజ్ పెట్టెలో కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

మీ ఎడిటర్ ఏం చేస్తోందో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. కొత్త ఫైలులో తెలుగు అనే ఒక్క మాట రాసి, ఎంటర్ కొట్టకుండా సేవ్ చేయండి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. డిస్క్ మీద ఆక్రమించిన చోటు కాదు, దాని పైన ఉండే అసలు సైజు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆ మాటలో ఆరు యూనికోడ్ గుర్తులున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. కాబట్టి 18 బైట్లు కనిపిస్తే సరైన ఫైలు. 21 అయితే ముందు ఒక గుర్తింపు ముద్ర అదనంగా చేరిన యూటీఎఫ్-8, దానితో ఇబ్బంది లేదు. 14 అయితే యూటీఎఫ్-16. 6 అయితే మిగిలింది ఆరు ప్రశ్నార్థకాలే.

డీటీపీ చేయించిన పాత పుస్తకాలది వేరే సంగతి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన పాఠం తెరమీద తెలుగులా కనిపించినా లోపల తెలుగు కాదు. రోమన్ అక్షరాలకూ గుర్తులకూ తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే ఆ రోమన్ గుర్తులు బయటపడతాయి. అలాంటి పాఠాన్ని ముందు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో పెట్టి, మూలంతో పోల్చి దిద్దాలి. ఒత్తులు, ముఖ్యంగా రెండేసి ఒత్తులున్న చోట్లు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఒకటికి రెండుసార్లు చూడండి. ఈ దిద్దుబాటు తప్పించుకునే దారి లేదు. పుస్తకం పెద్దదైతే సమయమంతా తినేది ఇదే.

ఇంకొకటి, కంటికి కనిపించనిది. వెబ్‌సైట్ అని రాసేటప్పుడు బ్ తర్వాత స ఒత్తుగా మారకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య గుర్తు. అది పోతే మాట వెబ్సైట్ అయిపోతుంది. కనిపించని గుర్తులన్నీ తీసేస్తామనే క్లీనప్ సాధనాలు దీన్నీ తీసేస్తాయి కాబట్టి తెలుగు ఫైళ్ల మీద వాటిని వాడకండి. పాండాక్ మాత్రం దాన్ని ముట్టుకోదు.

## ఫైలు పేరు, చోటు

ఫైలు పేరు రోమన్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. కారణాలు రెండు. విండోస్‌లోని పాత నల్ల కమాండ్ విండో తెలుగును సరిగ్గా చూపలేదు, అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. రెండోది, తెలుగు పేరు వెబ్ చిరునామాలోకి వెళ్లి కాపీ అయినప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. తెలుగు అనే మాట ఒక్కటే 54 అక్షరాల తోక అవుతుంది. ఆ లింకును ఎవరికైనా పంపితే సగంలో తెగిపోవచ్చు.

ఎక్స్‌టెన్షన్ ఎండీ అని ఉంచడం ఆనవాయితీ. టీఎక్స్‌టీ అని ఉన్నా పాండాక్ మార్క్‌డౌన్‌గానే చదువుతుంది. నోట్‌ప్యాడ్‌లో ఎండీ అని పేరు పెట్టినా చివర ఒక్కోసారి చడీచప్పుడు లేకుండా టీఎక్స్‌టీ తగిలిస్తుంది. సేవ్ చేసేటప్పుడు పేరును కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే తగిలించదు. పాండాక్ ఫైలు లేదని మొరాయించినప్పుడు ముందు అనుమానించాల్సింది ఈ తోకనే.

విండోస్‌లో ఆ ఫోల్డర్ తెరిచి, పైన చిరునామా పట్టీలో సీఎండీ అని రోమన్‌లో కొట్టి ఎంటర్ నొక్కితే కమాండ్ విండో నేరుగా అక్కడే తెరుచుకుంటుంది. ఫోల్డర్ దారి టైప్ చేసే బాధ తప్పుతుంది.

## గుర్తులు పెట్టడం

ఆవకాయ పద్ధతిని పేజీగా చేద్దాం. ఫైలు ఇలా ఉంటుంది:

```
# ఆవకాయ

కాయ పుల్లగా, పీచు గట్టిగా ఉండాలి.

## పాళ్లు

- మామిడి ముక్కలు: 4 గిద్దలు[^1]
- కారం: 1 గిద్ద
- ఆవపిండి: 1 గిద్ద
- ఉప్పు: ముప్పాతిక గిద్ద
- నువ్వుల నూనె: 2 గిద్దలు

## కలిపే వరస

1. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టాలి.
2. కారం, ఆవపిండి, ఉప్పు పొడిగా కలపాలి.
3. ముక్కలను నూనెలో ముంచి, పొడిలో దొర్లించి జాడీలోకి వేయాలి.
4. మూడో రోజు తిరగకలిపి, మిగిలిన నూనె పోయాలి.

[^1]: నాలుగు గిద్దలు ఒక సోల.
```

ఒక హ్యాష్ పెద్ద శీర్షిక, రెండు హ్యాష్‌లు ఉపశీర్షిక. రెండేసి నక్షత్రాల మధ్య ఉన్నది ముద్ద అక్షరాల్లో వస్తుంది. హైఫన్‌తో మొదలైన వరసలు జాబితా. చదరపు బ్రాకెట్లో టోపీ గుర్తు, అంకె పెడితే అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్). దాన్ని పాండాక్ పేజీ అడుగున చేర్చి, పైకీ కిందికీ లింకులు కూడా వేస్తుంది.

గుర్తులు అరగంటలో వచ్చేస్తాయి. తప్పులు జరిగేది ఖాళీల దగ్గర.

హ్యాష్ తర్వాత ఒక ఖాళీ ఉండాలి, లేకపోతే అది శీర్షిక కాదు, మామూలు అక్షరంగా పేజీలో కనిపిస్తుంది. శీర్షికకు ముందు ఒక ఖాళీ లైను ఉండాలి. జాబితాకు ముందు కూడా. పేరా కిందే ఖాళీ వదలకుండా హైఫన్లతో జాబితా మొదలుపెడితే అంశాలన్నీ ఆ పేరాలోనే కలిసిపోయి, మధ్యమధ్య హైఫన్లతో ఒకే ముద్దగా వస్తాయి.

పేరాకూ పేరాకూ మధ్య ఒక ఖాళీ లైను తప్పనిసరి. ఒక్క ఎంటర్ చాలదు. పాండాక్ దృష్టిలో ఒక ఎంటర్ అంటే మాటల మధ్య ఖాళీతో సమానం. వర్డ్ నుంచి సాదా టెక్స్ట్‌గా సేవ్ చేసిన ఫైళ్లలో పేరాల మధ్య ఒక్క ఎంటరే ఉంటుంది కాబట్టి వ్యాసం మొత్తం ఒకే పేరాగా మారుతుంది. ఎడిటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక ఎంటర్‌ను రెండు చేయండి. అసలు డీఓసీఎక్స్ ఫైలు మీ దగ్గరే ఉంటే ఈ తిప్పలు అక్కర్లేదు. పాండాక్ దాన్ని నేరుగా చదవగలదు.

పేరా మొదట కాస్త లోపలికి జరగాలని నాలుగు ఖాళీలో ఒక ట్యాబో కొట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. పుస్తకాల్లో చూసిన అలవాటు అది. మార్క్‌డౌన్‌లో నాలుగు ఖాళీలతో మొదలైన పేరా ప్రోగ్రామ్ కోడ్ కింద లెక్క. ఆ పేరా పేజీలో వేరే ఫాంటులో, లైను విరగకుండా తెర దాటి కుడివైపుకు పరుగెడుతుంది. పేరాల ముందున్న ఖాళీలన్నీ తీసేయండి. మొదటి లైను లోపలికి కావాలంటే, పేజీ రూపాన్ని చెప్పే స్టైల్ ఫైలులో పెట్టుకోవచ్చు, దాని సంగతి కింద వస్తుంది.

పేరా మొదట అంకె, చుక్క, ఖాళీ వరసగా వస్తే జాబితా అనుకుంటుంది. 1947. ఆగస్టు 15న అని మొదలైన పేరా, 1947వ అంశంతో మొదలయ్యే జాబితాగా మారుతుంది. అంకెకూ చుక్కకూ మధ్య వెనక్కి వాలిన గీత పెట్టండి: 1947\. అలాగే బ్రాకెట్లో నంబరు వేసి మొదలుపెట్టినా జాబితానే అవుతుంది. పద్యాలకు (12) అని సంఖ్య వేసే వాళ్లకు ఇది తరచూ తగులుతుంది. అక్కడ తెరిచే బ్రాకెట్ ముందు అదే గీత పెట్టాలి.

పట్టికలకు నిలువు గీతల పద్ధతి ఒక్కటే వాడండి:

```
| కొలత | సమానం |
|------|-------|
| 4 గిద్దలు | 1 సోల |
| 2 సోలలు | 1 తవ్వ |
| 2 తవ్వలు | 1 మానిక |
```

పాండాక్‌కు నిలువు గీతలు లేని పట్టికల పద్ధతి కూడా తెలుసు కానీ, దానిలో గడులు ఒకదాని కింద ఒకటి సరిగ్గా కుదరాలి. తెలుగులో గుణింతం గుర్తులు పక్కన కాక పైనో కిందో కూర్చుంటాయి. మీ కంటికి కుదిరిన వరస పాండాక్ లెక్కలో కుదరదు. నిలువు గీతలుంటే వరస వంకరగా ఉన్నా ఫరవాలేదు.

## పద్యాలు, పాటలు

పద్యాన్ని మామూలుగా రాస్తే నాలుగు పాదాలూ కలిసి వచనంలా పారతాయి. ప్రతి పాదం ముందు నిలువు గీత, ఒక ఖాళీ పెట్టండి:

```
| ఒకటో పాదం
| రెండో పాదం
|     లోపలికి జరిగిన మూడో పాదం
| నాలుగో పాదం
```

ఇలా రాస్తే లైన్లు విరిగిన చోటే విరుగుతాయి. గీత తర్వాత వదిలిన అదనపు ఖాళీలు కూడా పేజీలో అలాగే ఉంటాయి. ఒక పద్యానికీ మరో పద్యానికీ మధ్య ఖాళీ లైను వదలండి.

శతకం మొత్తం ఇప్పటికే టైప్ అయి ఉండి, ప్రతి లైను ముందూ గీత పెట్టడం కష్టమైతే, కమాండ్‌లోనే ప్రతి ఎంటర్‌నూ లైను విరుపుగా చూడమని చెప్పవచ్చు (-ఎస్, -ఓ అంటే ఏమిటో కింద మార్చడం దగ్గర వస్తుంది):

```
పాండాక్ -ఎఫ్ మార్క్‌డౌన్+హార్డ్_లైన్_బ్రేక్స్ -ఎస్ శతకం.ఎండీ -ఓ శతకం.హెచ్‌టీఎంఎల్
```

పద్యం తర్వాత తాత్పర్యం ఉన్న పుస్తకానికి ఇది పనికిరాదు. తాత్పర్యంలో ఎక్కడ ఎంటర్ కొట్టి ఉంటే అక్కడ విరిగి, ఫోన్‌లో లైన్లు ఒకటి పొడవు, ఒకటి పొట్టిగా వస్తాయి. అలాంటి వాటికి గీతల పద్ధతే మేలు.

శ్లోకాలు టైప్ చేసేవాళ్లు దండం బదులు కీబోర్డులోని నిలువు గీతను వాడుతుంటారు. అది లైను మొదట పడితే పాండాక్ దాన్ని పాదం గుర్తు అనుకుంటుంది, పట్టిక గడిలో పడితే గడి రెండుగా చీలుతుంది. అసలైన దండాలు ఇవి: । ॥. ఫైలంతా ఒకసారి వెతికి మార్చేయండి. ముందు జంట గీతలు, తర్వాత ఒంటి గీతలు, ఈ వరసలోనే మార్చాలి. పాదాల ముందు పెట్టే గీతలు ఆ తర్వాతే పెట్టుకోండి, లేకపోతే అవీ దండాలైపోతాయి.

ప్రతిపదార్థాలకు చక్కని ఏర్పాటుంది. ఒక లైనులో మాట, కింది లైను మొదట కోలన్, మూడు ఖాళీలు, అర్థం. పేజీలో నిఘంటువులా పైన మాట, కింద కాస్త లోపలికి అర్థం వస్తాయి.

## మార్చడం

మొదట అన్నిటికంటే చిన్న కమాండ్. -ఓ తర్వాత రాసేది తయారు కావాల్సిన ఫైలు పేరు:

```
పాండాక్ ఆవకాయ.ఎండీ -ఓ ఆవకాయ.హెచ్‌టీఎంఎల్
```

దీనితో పేజీ వస్తుంది కానీ అది తల లేని మొండెం. అక్షరాలు యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కు చెప్పే లైను దానిలో ఉండదు. చాలా సందర్భాల్లో తెలుగు బదులు ఏ అనే రోమన్ అక్షరం మీద వాలుగీత, పక్కన ° లేదా ± గుర్తు, మళ్ళీ అదే, ఇలా పేజీ నిండా కనిపిస్తాయి. ప్రతి తెలుగు గుర్తూ యూటీఎఫ్-8లో రెండే రెండు బైట్ల జంటలతో మొదలవుతుంది. వాటిని పాత పశ్చిమ ఐరోపా ఎన్‌కోడింగ్‌లో చదివితే ఈ గుర్తులే పుడతాయి. ఇవి కనిపిస్తే కంగారు పడకండి. పాఠం క్షేమంగా ఉంది, చదివే పద్ధతి మాత్రమే తప్పింది. ప్రశ్నార్థకాలు కనిపిస్తేనే పాఠం పోయినట్టు.

సరైన కమాండ్‌లో ఎస్ చేరుతుంది, అంటే స్టాండలోన్:

```
పాండాక్ -ఎస్ ఆవకాయ.ఎండీ -ఓ ఆవకాయ.హెచ్‌టీఎంఎల్
```

ఇప్పుడు ఎన్‌కోడింగ్ లైనుతో పాటు, ఫోన్ తెరకు సరిపడే వెడల్పు చెప్పే లైను కూడా చేరుతుంది. పేజీకి టైటిల్ లేదని ఒక హెచ్చరిక వస్తుంది. పేజీ తయారయ్యే ఉంటుంది కానీ బ్రౌజర్ ట్యాబు మీద ఫైలు పేరు కనిపిస్తుంది. అది పోవాలంటే ఫైలు మొట్టమొదట ఈ తలకట్టు రాయాలి:

```
---
టైటిల్: "ఆవకాయ: పాళ్లు, పద్ధతి"
ల్యాంగ్: టీఈ
---
```

కోలన్‌కు ఎడమవైపు మాటలు, తెలుగు భాషా సంకేతమైన టీఈ రోమన్ లిపిలో ఉండాలి, టైటిల్ తెలుగులో. టైటిల్‌లో కోలన్ ఉంటే మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టకపోతే పాండాక్ తప్పు చూపించి ఆగిపోతుంది. ఈ తలకట్టులో ట్యాబులు వాడకూడదు. టైటిల్ పేజీ పైన పెద్ద శీర్షికగా తనంతట తానే వస్తుంది కాబట్టి కింద ఒంటి హ్యాష్‌తో రాసిన ఆవకాయ శీర్షిక తీసేయండి, లేకపోతే పేరు రెండుసార్లు కనిపిస్తుంది.

భాషా సంకేతం రాయకపోతే పేజీ చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో ఎంచుకునేది ఆ సంకేతాన్ని బట్టే. దాన్ని వదిలేయకండి.

పేజీ పొడవైతే కమాండ్‌లో --టీఓసీ చేర్చండి, శీర్షికలతో విషయసూచిక వస్తుంది. తెలుగు శీర్షికకు నేరుగా లింకు ఇవ్వాలనుకుంటే, శీర్షిక చివర మీసాల బ్రాకెట్లలో హ్యాష్, వెంటనే రోమన్‌లో ఒక చిన్న పేరు రాయండి. ఆ పేరే లింకు చివర వస్తుంది. శీర్షిక మాటలు తర్వాత మార్చినా పాత లింకులు చెడవు.

## తెలుగుకు తగిన రూపం

పాండాక్ ఇచ్చే సొంత రూపం రోమన్ లిపికి బాగుంటుంది. తెలుగుకు లైన్ల మధ్య ఎడం చాలదు. స్త్రీ అనే మాట చూడండి: పైన గుడి దీర్ఘం, కింద త ఒత్తు, ర ఒత్తు. పై లైనులోని ఒత్తులు కింది లైనులోని గుడులకు తగులుతాయి. అందుకే స్టైల్.సీఎస్ఎస్ అనే ఫైలు ఒకటి పెట్టుకుని కమాండ్‌లో ఇలా జతచేయాలి:

```
పాండాక్ -ఎస్ -సీ స్టైల్.సీఎస్ఎస్ ఆవకాయ.ఎండీ -ఓ ఆవకాయ.హెచ్‌టీఎంఎల్
```

మన స్టైల్ ఫైలు ఇవ్వగానే పాండాక్ తన సొంత రూపాన్ని చాలావరకు విరమించుకుంటుంది. ఇది తెలియక, ఒక్క ఫాంట్ మార్చుదామని చిన్న ఫైలు జతచేస్తే పేజీ వెడల్పు హద్దు పోయి, పాఠం తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకుంటుంది. కాబట్టి బాడీకి, అంటే పేజీ మొత్తానికి, ఈ లక్షణాలన్నీ మనమే రాయాలి: మ్యాక్స్-విడ్త్ 36 ఈఎమ్ (అక్షరం సైజును బట్టి మారే కొలత), మార్జిన్ పైనాకిందా సున్నా, పక్కలకు ఆటో, ప్యాడింగ్ 1 ఈఎమ్, ఫాంట్-సైజ్ 19 పిక్సెల్స్, లైన్-హైట్ 1.75. లైన్-హైట్‌ను 1.7 కంటే తగ్గించకండి.

ఫాంట్-ఫ్యామిలీలో ముందు నోటో శాన్స్ తెలుగు, తర్వాత విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ, ఆ తర్వాత మ్యాక్, ఐఫోన్ల కోసం కోహినూర్ తెలుగు రాస్తే దాదాపు అందరికీ సరిపోతుంది. పద్యాలకు మండలి, సురన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. అలంకార ఫాంట్లను శీర్షికలకే ఉంచండి. వచనమంతా వాటిలో పెడితే చదివేవాళ్ల కళ్లు అలసిపోతాయి.

ఇంకో మూడు జాగ్రత్తలు. తెలుగు ఫాంట్లలో సాధారణంగా వాలు అక్షరాలు ఉండవు. అటూ ఇటూ ఒక్కో నక్షత్రం పెట్టిన మాటను బ్రౌజర్ బలవంతంగా పక్కకు వంచుతుంది, చూడ్డానికి వికారంగా ఉంటుంది. అలాంటి మాటలకు పాండాక్ తగిలించే ఈఎమ్ అనే ట్యాగుకు (పైన చెప్పిన కొలత కాదు) ఫాంట్-స్టైల్ నార్మల్ అని రాసి, బదులుగా రంగు మార్చండి. లెటర్-స్పేసింగ్ సున్నా నుంచి కదపకండి, అక్షరాల మధ్య అతుకులు విడిపోయినట్టు కనిపిస్తాయి. పేరాలను రెండు వైపులా సమం చేసే జస్టిఫై వద్దు. మన మాటలు పొడవు. ఫోన్ తెర మీద లైనుకు మూడు నాలుగు మాటలే పడతాయి, వాటి మధ్య పెద్ద పెద్ద సందులు తేలతాయి.

## ఒకే ఫైలుగా, ఎక్కువ ఫైళ్లుగా

పేజీని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపాలంటే స్టైల్ ఫైలు, బొమ్మలు విడిగా ఉంటే కుదరదు. --ఎంబెడ్-రిసోర్సెస్ అని చేర్చితే అన్నీ ఒకే ఫైలులో ఇమిడిపోతాయి. ఇది 2.19 వెర్షన్ నుంచి ఉంది. అంతకంటే పాతదైతే --సెల్ఫ్-కంటెయిన్డ్ అని రాయాలి. ఇలా ఇమిడ్చిన బొమ్మ సైజు మూడో వంతు పెరుగుతుంది. ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటో 4 ఎంబీ అవుతుంది. ముందు ఫొటోలను వెడల్పు 1200 పిక్సెల్స్‌కు కుదించుకోండి.

పుస్తకంలోని అధ్యాయాలు వేరువేరు ఫైళ్లలో ఉంటే, కమాండ్‌లో వాటి పేర్లు వరసగా రాస్తే చాలు, పాండాక్ కలిపి ఒకే పేజీ చేస్తుంది. పేర్లను 01, 02 అని రెండంకెలతో మొదలుపెట్టండి. ప్రతి అధ్యాయంలోనూ అధోజ్ఞాపికలు 1 నుంచి మొదలైతే ఒకటి ఇంకొకదాన్ని మింగేస్తుంది. --ఫైల్-స్కోప్ చేర్చితే ఏ ఫైలు జ్ఞాపికలు ఆ ఫైలుకే ఉంటాయి. పేజీలో వరస సంఖ్య మాత్రం మొదటి నుంచి చివరి దాకా పాండాకే వేస్తుంది.

విడివిడి పేజీలు కావాలంటే కమాండ్లను లైనుకొకటి చొప్పున ఒక బ్యాట్ ఫైలులో, అంటే విండోస్ కమాండ్లను వరసగా నడిపే ఫైలులో, రాసి పెట్టుకోండి. దిద్దుబాటు చేసిన ప్రతిసారీ దాని మీద రెండుసార్లు నొక్కితే పేజీలన్నీ కొత్తగా తయారవుతాయి. పేజీల మధ్య లింకులు రాసేటప్పుడు ఎండీ ఫైలు పేరు కాదు, హెచ్‌టీఎంఎల్ ఫైలు పేరు రాయాలి.

అక్షరదోషం కనిపిస్తే దాన్ని దిద్దాల్సింది టెక్స్ట్ ఫైలులో. తొందరలో హెచ్‌టీఎంఎల్ ఫైలులో దిద్దితే, తర్వాతిసారి పాండాక్ నడిపినప్పుడు ఆ దిద్దుబాటు చెరిగిపోతుంది. పాండాక్ పాత పేజీ మీద కొత్తది రాసే ముందు మిమ్మల్ని అడగదు.

## నెట్‌లో పెట్టడం

గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత చోటు సరిపోతుంది. మొదటి పేజీ పేరు ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అని ఉండాలి, అప్పుడే చిరునామా కొట్టగానే తెరుచుకుంటుంది. మీ కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన పేజీ నెట్‌లో రూపం లేకుండా, బొమ్మలు లేకుండా వచ్చిందంటే పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వెతకండి. విండోస్‌కు ఆ రెండూ ఒకటే. సర్వర్లు ఎక్కువగా లైనక్స్ మీద నడుస్తాయి, వాటికి అవి రెండు వేరు ఫైళ్లు.

ఎక్కించాక పేజీని రెండు ఫోన్లలో తెరిచి చూడండి, వీలైతే ఒకటి పాత ఆండ్రాయిడ్. పేజీ ఎడమా కుడీ జరుగుతోందంటే ఎక్కడో పేరా ముందు నాలుగు ఖాళీలు మిగిలాయి, లేదా పట్టిక తెర కంటే వెడల్పుగా ఉంది. బ్రౌజర్ వెతుకు పెట్టెలో ప్రశ్నార్థకం వరసగా రెండుసార్లు కొట్టి చూడండి, పోయిన అక్షరాలుంటే అక్కడ దొరుకుతాయి. తర్వాత వెబ్‌సైట్ లాంటి పొల్లు మాటలు రెండు మూడు కంటితో చూసి, ఒత్తులు అతుక్కోలేదని నిర్ధారించుకోండి.